ముగ్గురు దిగకూడదు

“దుర్గప్పకు జత ఎవురు?”

మద్దయ్య ఆ మాట అడగడం అది మూడోసారి. ఎమ్మిగనూరు చుట్టుపక్కల బావుల్లో మునిగి పనిచేసే వాళ్లందరికీ ఆయనే పెద్ద. ఎదురుగా భీమన్న, అతని బామ్మర్ది గిడ్డయ్య తలలు వంచుకుని కూర్చున్నారు. గోడకు ఆనుకుని, చంకలో పిల్లతో సుంకమ్మ. ఆమె మొగుడు దుర్గప్ప బావిలో పోయి తొమ్మిది రోజులైంది.

మామూలుగా బావిలోకి ఇద్దరు దిగుతారు. ఒకడు పనిచేస్తుంటే రెండోవాడు వాడి భుజం మీద చెయ్యి తీయకుండా కనిపెట్టుకుని ఉంటాడు. మూడోవాడు గట్టున మోకు పట్టుకుంటాడు. పని బరువైతే వాడూ దిగుతాడు. జతగాణ్ణి అడుగున వదిలి తానొక్కడే పైకి వచ్చినవాడు మళ్లీ నీళ్లలో దిగడానికి లేదు. పోయినవాడి పిల్లల్ని తన పిల్లలతో పాటు సాకాలి. సుంకమ్మకు ఇద్దరు పిల్లలు. మద్దయ్య ఒక్క పేరు చెబితే వాళ్లకు ఒక కంచం దొరుకుతుంది.

“జత అంటూ ఎవురూ లేరు పెద్దాయనా,” అన్నాడు భీమన్న. “ఆ పొద్దు ముగ్గురం దిగితిమి. ఇంజను గొట్టం ఊడి అడుగున పడింది. ఇద్దరితో కదిలేది కాదది.”

ఆ బావి ఉన్న తోట సొంతదారు బాలకృష్ణయ్య సెట్టి కూడా వచ్చాడు. ఆదోనిలో దూది వ్యాపారం. ఎవరూ అడక్కముందే అందుకున్నాడు.

“ముగ్గురు రాండని నేనే చెప్పినాను. డ్యాము నీళ్లు రేపు మాపు అంటాండారు గానీ, అంతదాకా తోట నిలవొద్దా? వీళ్లకు బావి చూపించి నేను మార్కెట్టుకు పోయినాను. మళ్లొచ్చేసరికి శవం గట్టు మీద ఉండాది.”

“అడుగున ఏం జరిగింది భీమన్నా?”

“దుర్గప్ప గొట్టానికి మోకు కడతాండాడు. నాకు ఊపిరి చాలక పైకి వచ్చేస్తి. గిడ్డడు వాని పక్కనే ఉండాడు కదా అనుకుంటి. గొట్టం దొర్లి వాని కాలు మీద పడినట్టుంది.”

“నువ్వేమంటావప్పా గిడ్డయ్యా?”

గిడ్డయ్య తలెత్తాడు. వాకిట్లో అక్క సిద్దమ్మ నిలబడి అతన్నే చూస్తోంది. భీమన్న ఆమె మొగుడు. నలుగురు పిల్లలు, సెంటు భూమి లేదు. ఆ మనిషిని నీళ్లలో దిగొద్దంటే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

“బావ ఉండాడులే అనుకుంటి,” అన్నాడు చివరికి.

“వాని భుజం మీద చెయ్యి ఎవురిది?”

“బావ చెప్పినట్టే పెద్దాయనా.”

అంతకంటే ఒక్క మాట అతని నోట్లోంచి రాలేదు. బాగా దెబ్బతిన్నాడు పాపం అని జాలిపడ్డారు అక్కడున్నవాళ్లు.

మద్దయ్య తీర్పు చెప్పాడు.

“ఇద్దరైతే తప్పించుకునే దారి లేదు. ముగ్గురైతే ఎవునికి వాడు ఇంకొకడుండాడులే అనుకుంటాడు. ఒకణ్ణి పట్టుకుని నీదే తప్పని నేను ఎట్ల అనేది? ఈ పొద్దు నుంచి పత్తికొండ దాకా ఏ బావిలోనూ ముగ్గురు దిగకూడదు. ఇద్దరే దిగల్ల.”

ఎంత చక్కగా తేల్చాడని అందరూ మెచ్చుకున్నారు. సెట్టి అయితే రెండుసార్లు తలాడించాడు. సుంకమ్మ పిల్లలకు మాత్రం ఏమీ తేలలేదు.

ఆమె లేచింది. పోతూ పోతూ గిడ్డయ్య ముందు ఆగింది.

“నువ్వు దిగకుంటే ఆయన బతికుండేవాడు గిడ్డన్నా. భీమన్న ఒక్కడే ఉండింటే వదిలేసి వచ్చేవాడా?”

గిడ్డయ్య ఆ మాటనూ తలవంచుకునే భరించాడు. సిద్దమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. భీమన్న మాత్రం సుంకమ్మ పోయిన వైపు చూడలేదు.

నెల తిరక్కుండానే సుంకమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని ఆదోని వైపు కూలికి పోయింది. ఎక్కడుందో ఎవరూ వాకబు చేయలేదు. కొత్త కట్టడి మాత్రం ఊరూరా పాకింది. బావి పనికి పిలిచేవాళ్లు కూడా “ఇద్దరే కదప్పా?” అని అడిగి మరీ పిలవసాగారు.

ఆ తర్వాత మాధవరంలో పని దొరికింది. రెడ్డిగారి బావిలో పూడిక రాళ్లు తీయాలి. భీమన్న చొక్కా విప్పి గట్టున పెట్టి, మెట్ల మీద నిలబడి నీళ్లు నెత్తిన చల్లుకున్నాడు.

“రారా గిడ్డా. ఇంగ నువ్వూ నేనే కదా జత.”

“నేను పైన మోకు పట్టుకుంటా బావా.”

“అట్లయితే నా జత ఎవురు? మద్దయ్య మాట ఇన్యావు కదా. ఇద్దరు దిగాల్సిందే.”

“నా చేత కాదు.”

“ఏమిరా అంత భయం? పక్కన నేనుండాను కదా!”

భీమన్న చెయ్యి చాచాడు. గిడ్డయ్య ఆ చేతిని చూశాడు. అక్క మొగుడు, చిన్నప్పుడు తనకు ఈత నేర్పినవాడు. ఆ చెయ్యి పట్టుకోవడానికి అతనికి ధైర్యం చాల్లేదు. నోరు విప్పి ఎందుకో చెప్పడానికి అసలే లేదు. మోకు కింద పడేసి, వెనక్కి తిరిగి, చేలకు అడ్డం పడి నడిచి వెళ్లిపోయాడు.

“బెదురు పట్టుకుంది పాపం,” అన్నాడు రెడ్డి. “మనిషి పోవడం అడుగున కళ్లారా చూసినాడు కదా.”

దుర్గప్ప పోయిన రోజు గిడ్డయ్య గట్టున మోకు పట్టుకునే ఉన్నాడు. బావిలో దిగనే లేదు.