మూడో మైలురాయిదాకా

ఏమయ్యా, కొత్త సంవత్సరం వచ్చిందని నిన్న ఒట్టు పెట్టుకున్నావు, ఇవాళ ఏడో ఇడ్లీ దగ్గర చెయ్యి కడుక్కోలేక కూర్చున్నావు కదా? తిను, తిను. తింటూనే విను. నిన్ను మించిన మొనగాడు ఒకడు రాజపాళయంలో ఉండేవాడు. పేరు రామసామి.

అరవై మూడు, జనవరి ఒకటి, పొద్దున్నే. రామసామి అత్తగారింటి వసారాలో గోడకి అడ్డంగా నిలబడి చేతులు రెండూ చాచేశాడు.

“అత్తా, కాగితం చించొద్దు! ముందు నా మాట వినండి. ఈయనకి కుక్కపిల్లని ఇచ్చినారంటే అన్యాయం!”

ఈయనంటే తోడల్లుడు సౌందరరాజన్. ఆ కుక్కపిల్ల అప్పటికే ఆయన ఒళ్లో ముడుచుకుని పడుకుంది. పాలలాంటి తెలుపు, గులాబీ రంగు ముక్కు. అది అక్కడ పడుకోవడమే రామసామి కంట్లో కారం.

గోడ మీద మూడు క్యాలెండర్లు. రోజుకో కాగితం చింపే రకం. అల్లుళ్లిద్దరివి రెండు, అత్త జానకియమ్మాళ్‌ది ఒకటి. ఒక్కొక్కదానికి మిగిలింది ఆఖరి కాగితం ఒక్కటే. పోయిన జనవరి ఒకటిన ఆవిడ పెట్టిన పందెం అది. ఒంటికి మేలు చేసే మాట ఒకటి ఎవరికి వారు ఎంచుకుని, కాగితాల కట్ట తగిలించక ముందే అట్ట మీద రాసెయ్యాలి. ఏడాదంతా దాని మీద నిలబడాలి. కాగితాలన్నీ అయిపోయాక మాట బయటపడుతుంది. నిలబెట్టుకున్నవాళ్లకి ఇంటి కుక్క ఈనే మొదటి మగపిల్ల.

రామసామి రాసుకున్న మాట ‘అరకడుపు’. అది మూడో రోజే మటన్ పులుసులో మునిగిపోయింది. కుక్కపిల్ల తనకి రాదని వాడికీ తెలుసు. రాకపోతే పోనీ. ఆయనకి మాత్రం పోకూడదు.

“ఏమి అన్యాయం, మాప్పిళ్ళె?” అని అల్లుణ్ణి అరవ పిలుపుతో అడిగింది జానకియమ్మాళ్ కాఫీ తిరగబోస్తూ. మొదటి గ్లాసు పెద్దల్లుడికే వెళ్లింది. రామసామి అదీ చూశాడు.

“ఈయన మాట నడక. అందరికీ తెలిసిందే గదా! దినమూ అయిదింటికి మిల్లు సంగు ఊదంగానే ఇల్లు దాటి, సత్రపట్టి రోడ్డులో మూడో మైలురాయిదాకా పోతా ఉండాడు.”

“బావ జిబ్బాలన్నీ అక్క రెండంగుళాలు లోపలికి కుట్టించింది, తెలుసునా?” అని అందుకుంది రామసామి పెళ్లాం గోమతి. ఏడాదిగా ఆవిడ అన్నంతోపాటు వడ్డిస్తున్న మాట అది.

“నువ్వు సుమ్మా ఉండు, నోరెత్తొద్దు! అత్తా, పోయేదే నడక. వచ్చేది బస్సు! మూడో రాయి కాడ చెయ్యి చాపి, బస్సెక్కి, కిటికీ పక్కన కూచొని తల దువ్వుకుంటా వస్తాడు. సగం నడక ఒక నడకా?”

సౌందరరాజన్ పెళ్లాం పేరు పాప. ఆవిడ మొగుడి వైపు తిరిగింది. “నిజమా?”

“ఎప్పుడో ఒకనాడు కాలు నొప్పి పుట్టి...”

“ఒకనాడా! అన్నా, దినమూ చూసినాను నేను!”

“ఎక్కడినుంచి?”

“మీ వెనకనుంచే. నూరడుగుల ఎడంలో. వానలోనూ వచ్చినాను, జలుబులోనూ వచ్చినాను. మీరు వడ కొనుక్కుంటే చేతితో సహా పట్టుకుందామని!”

“మూడో రాయిదాకానా?” అంది అత్త.

“మూడో రాయిదాకా!”

“తిరిగి వచ్చేటప్పుడు?”

“నడిచే వచ్చినాను! అదే బస్సెక్కితే ఈయన కండ్లలో పడనా?”

గోమతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాపకి అదీ సాధ్యం కాలేదు, పకపకా నవ్వేసింది.

“పోను మూడు, రాను మూడు,” జానకియమ్మాళ్ వేళ్లు ముడిచింది. “దినానికి ఆరు మైళ్లు. మీ కాళ్ల కేసి చూసుకోండి, మాప్పిళ్ళె.”

రామసామి తల వంచి చూసుకున్నాడు. కాలి వేళ్లు పదీ కనిపించాయి. పోయిన ఏడాది ఇదే రోజున మధ్యలో పొట్ట అడ్డం ఉండేది. ఏడాదంతా తోడల్లుడి వీపే చూసినవాడికి సొంత పొట్ట చూసుకునే తీరిక ఏది?

సౌందరరాజన్ కుక్కపిల్లతోనే లేచి తన క్యాలెండర్ కాగితం చర్రున చింపాడు. అట్ట మీద ఆయన చేతిరాత.

‘రామసామి పొట్ట.’

“అత్త పోయిన ఏడే నా చెవిలో చెప్పినారప్పా!” ఆయనకి నవ్వు ఆగడం లేదు. “‘మీరు ముందు నడవండి చాలు, ఆయన కడుపు మండి వెనకే వస్తాడు’ అని. బస్సు కిటికీలోంచి నేను చూడలేదు అనుకున్నావా, చెమటలు కక్కుకుంటా వచ్చే నిన్ను? నాకెందుకు నడక? నీకోసరం మంచనక వాననక తెల్లవారకముందే లేచినాను. బాగా ఏమారినావు పో! నా మాట నిలబడింది, కుక్కపిల్ల నాది!”

నవ్వి నవ్వి ఊగేసరికి వదులైన పంచె జారబోయింది. ఎడమచేత్తో గబుక్కున పట్టుకున్నాడు. రామసామి మొహం మాడిన దోసెలా అయింది.

“ఉండండి, పెద్ద మాప్పిళ్ళె.” జానకియమ్మాళ్ ఆయన చేతిలోంచి కుక్కపిల్లని తీసుకుని తన చంకలో పెట్టుకుంది. “నా అట్ట ఇంకా ఎవరూ చూడలేదు గదా.”

మూడో కాగితం చింపింది.

‘రెండు పొట్టలు.’