ఒడెస్సా టోపీలు

"ఇవాళ చర్చిలో మా ఆయన పాడుతున్నాడు. వెడల్పు అంచు టోపీ ఒకటివ్వు, అమ్మమ్మా." లట్రీస్ ముఖం పక్కకి తిప్పుకునే అడిగింది.

అమెరికాలోని మెంఫిస్‌లో ఆ నల్లవాళ్ల చర్చి మొత్తానికీ అమ్మమ్మ ఒడెస్సా టోపీలంటే పెద్ద పేరు. టోపీ లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు. ఆమె బీరువా తెరిచింది.

"ఏ కన్నుకి?"

లట్రీస్ బీరువాలోకి చూసింది. అన్నీ ఒక పక్కకి వంగిన టోపీలే.

"ఎడమ కన్నుకి," అంది. "పోలీసులకి మాత్రం చెప్పకు. నల్లవాడని చూడగానే ఆయన్ని కాల్చేస్తారు."

"మీ తాత కొట్టినప్పుడు నేనూ అదే అన్నాను. టోపీలు కొంటూ పోయాను."

ఒడెస్సా తన తలమీది టోపీ తీసి లోపల పెట్టి, బీరువా మూసింది.

"పద. ఇద్దరం ఇలాగే ముందు వరసలో కూర్చుని వాడి పాట విందాం."