నాలుగు లాక్ నట్లు

అప్పట్లో సిద్దిపేటలో అలాయ్ చక్రాలున్న కారు అమీనుద్దీన్ సేఠ్‌దొక్కటే. చుట్టాల పెళ్లికని రాయపోల్ వచ్చి, రాత్రి కారును ఊరి బయట ఆపించాడు.

"ఒక్క చక్రం పోయినా నీ నౌకరి పోయినట్టే దుబ్బయ్యా."

"ఫికర్ చేయకున్రి సేఠ్. చక్రానికో లాక్ నట్టు బిగించిన. దాని తాళంచెవి లేనిది దొంగల తాత వచ్చినా ఊడదు."

సేఠ్ నవ్వుకుంటూ పెళ్లింటికి నడిచాడు. డ్రైవర్ దుబ్బయ్య అక్కణ్ణించి వచ్చిన బిర్యానీ తిని, వెనక సీట్లో హాయిగా కాళ్లు చాపాడు.

కాసేపటికి కిర్రుమంది. ఎవరో నట్టు విప్పుతున్న చప్పుడు. బ్యాటరీ లైటు పట్టుకుని దిగి, కారు చుట్టూ తిరిగాడు. మనిషి జాడ లేదు. నాలుగు లాక్ నట్లనూ వేలితో తట్టి చూశాడు.

"శబాష్ బిడ్డలారా, గట్టిగున్నరు," అని మెచ్చుకుని బీడీ ముట్టించాడు.

మళ్లీ కిర్రుమంది. ఈసారి డిక్కీలోంచి. అందులో స్టెప్నీ ఉంది. దానికి కూడా లాక్ నట్టు పెట్టాలని ఎవరికీ తోచలేదు. కానీ డిక్కీకి తాళం వేసే ఉంది.

దుబ్బయ్య వంగి విన్నాడు. చప్పుడు ఆగిపోయింది. లోపల ఎవరో ఒత్తిగిలినట్టు కారు వెనకభాగం మెల్లగా కుంగి లేచింది.

"ఊడింది దుబ్బన్నా," అంది లోపలినుంచి ఒక గొంతు, తాపీగా. "ఇగ మూత తియ్యి."