తడిగాలి

“మళ్ళీ నీళ్ళు పోస్తున్నావా?” పాప గది గుమ్మంలో నిలబడి అడిగాడు తేజేశ్వర్.

“ఎలా వాడిపోయిందో చూడు,” కిటికీలోని రోజ్‌మేరీ కుండీ చూపించింది అతని భార్య భవిత. “ఫ్రీమాంట్‌లో ఉన్నప్పుడు పట్టించుకోకపోయినా గుబురుగా పెరిగింది. దీనికి ఈ నేపర్‌విల్ చలి పడట్లేదనుకుంటా.”

తేజేశ్వర్ కాడ పట్టుకుని మెల్లగా లాగాడు. మొక్క ఇట్టే ఊడి వచ్చింది. వేళ్ళు నల్లగా కుళ్ళిపోయాయి. ఆకులకు బూడిదరంగు బూజు.

“చలి కాదు భవీ. పొడిగాలిలో బతికే మొక్క ఇది. తడికి చచ్చిపోయింది.”

“నేను పోసిందెంతని? వారానికి ఒక గ్లాసు!”

“మరి ఆకులకెందుకు పట్టింది బూజు? తడి గాలిలోనే ఉంది.”

మధ్యాహ్నం నిద్రలో ఉన్న పాప దగ్గింది. భవిత చెయ్యి అలవాటుగా, మంచం పక్కన ఆవిరి చిమ్ముతున్న హ్యుమిడిఫైయర్ మీదికి వెళ్ళింది. హీటర్ గాలికి గొంతు ఎండిపోతోందని, పాప దగ్గినప్పుడల్లా దాన్ని ఇంకాస్త పెంచుతూ వచ్చారు ఈ చలికాలమంతా.

ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

“తేజా... మంచం ఒకసారి ఇటు జరుపు.”

జరిపాడు. పాప తల పెట్టుకునే వైపు గోడ, నేల నుంచి దిండు ఎత్తు దాకా, ఆ మొక్క వేళ్ళలాగే నల్లగా ఉంది.