తెల్ల కాగితం మీద ఎర్ర చుక్కలు

"పెట్టె కాల్చాల్సిందే," అన్నాడు తేనెటీగల పెంపకం నేర్పే దత్తాత్రేయ సారు.

భవాని పేట్‌లో తేనెటీగలు పెంచేది రేణుక ఒక్కతే. ఆమెకున్నది ఒక్క పెట్టే. తేనెటీగల ఒంట్లో రసం పీల్చే కొత్త పురుగును కనిపెట్టడం ఆ సారే నేర్పాడు. పెట్టె అడుగున తెల్ల కాగితం పరచాలి. దాని మీద ఎర్ర చుక్కలు రాలితే పురుగు పట్టినట్టే. ఈ ఉదయం కాగితం నిండా ఎర్ర చుక్కలే.

"కాల్చకుంట ఇంకేం దారి లేదా సార్?" రేణుక పెట్టె మీద చెయ్యి వేసింది.

"లేదమ్మా. చుట్టుపక్కల ఊళ్ల పెట్టెలకు గూడ పాకుతది. ఇగో, పురుగుల కాళ్లు గూడ కనబడుతున్నయ్."

మగ్గం ఆపి ఆమె మామ అంబాదాస్ పెట్టె ఉన్న డాబా మీదికి వచ్చాడు. ఇదీ ఒక పనేనా అని ఏడాదిగా కోడలిని సాధిస్తున్న మనిషి.

"కాళ్లెక్కడియి సార్? మీ చష్మా ఏది?"

"ఇంట్ల మర్చిపోయిన."

అంబాదాస్ ఒక చుక్కను వేలితో నలిపాడు. వేలు ఎర్రబడింది.

"కుంకుమ," అన్నాడు.

"పెట్టె లోపటికి కుంకుమ ఎట్లొచ్చింది మామా?"

ఆయన గోడ వైపు తిరిగాడు. "నిన్న ఖండే నవమి గద, పనిముట్లకు పూజ. మగ్గానికి పెట్టిన, దారం నడిపే నాడెకు పెట్టిన. ఇంట్ల పని జేసేదాన్ని ఒక్కదాన్ని ఎట్ల ఇడిచిపెడ్త? మూత దీసి దీనికీ జల్లిన."

రేణుక ఆ కాగితాన్ని జాగ్రత్తగా మడిచింది.

"కొబ్బరికాయ గూడ కొట్టిన్రా?" అన్నాడు సారు.

"కొట్టిన. ఆ సప్పుడుకే ఈగలు కుట్టినయ్," అంటూ అంబాదాస్ మెడకు చుట్టుకున్న తువ్వాల తీసి వాపు చూపించాడు.