అడుగు మన్ను

ఆ ఆడమనిషి వంగి, నాగలత అడుగు పడ్డచోట మన్ను తాకింది.

నాగలత అది చూడనే చూసింది. అడుగు మన్ను తీసేవాళ్లు దానితో ఏ చేతబడి చేస్తారో బూర్గంపాడు వైపు చిన్నపిల్లనడిగినా చెబుతుంది.

నలభై ఏడో ఏట ఆమె నెలసరి గాడి తప్పింది. ఒంట్లో ఆవిర్లు, నిద్ర లేదు, పాత జాకెట్లు ఒక్కటీ పట్టవు.

"ముట్లుడిగే ముందు ఇట్లనే ఉంటది. అన్నం తగ్గించి పప్పు, గుడ్డు తినండి. రోజూ నడవండి" అంది ఖమ్మంలో డాక్టరమ్మ.

అప్పట్నుంచి తెల్లారగట్లే జామాయిల్ తోట పక్క మట్టిబాటలో నడక. రెండు నెలల్లో ఐదు కిలోలు తగ్గింది. ఇప్పుడా నడకంటే ఆమెకు ప్రాణం.

ఆ బాటలోకి వారం కిందట ఊడిపడింది ఈ మనిషి. చెప్పుల్లేని కాళ్లు, చేతిలో కర్ర, ఎప్పుడూ పది గజాల వెనకే. నాగలత ఆగితే తనూ ఆగుతుంది.

"ఎవరు నువ్వు? నా ఎనక ఎందుకొస్తున్నవ్?"

"బరువు తగ్గినవమ్మా. అడుగు తేలికైంది" అంది ఆమె తాపీగా. "ఎడమకాలు ఈడుస్తున్నవ్. రాత్రి తింటలేవా?"

నిజమే. బరువు మిషన్‌లో ముల్లు కదలడం లేదని నాలుగు రోజులుగా రాత్రి తిండి మానేసింది. ఆ సంగతి మొగుడికి కూడా తెలియదు. దీనికెలా తెలిసింది?

"ఒక్కదానివి రాకమ్మా. పొద్దెక్కినంక రా."

"ఎందుకు?"

ఆమె తోటలోకి చూసింది. "ఈడ దాని పేరెత్తొద్దు. మా కట్టుబాటు."

నాగలత ఇంటిదాకా ఒకటే పరుగు. "చేతబడి మనిషండీ" అని ఏడ్చింది. మొగుడు జయప్రకాశ్‌కు కోపం ముక్కు మీదే ఉంటుంది. అనుమానం పెనుభూతం అన్నారు, ఇక ఆగుతాడా? నలుగురిని వెంటేసుకుని వెళ్లాడు.

"ఇంక రాదులే" అన్నాడు తిరిగొచ్చి. "ఏదో చెప్పబోయింది గానీ మనోళ్లు విన్లే. దాని చెయ్యి విరిగింది."

కొట్టమని నేనన్నానా అనుకుంది నాగలత.

మర్నాడు వెనక ఎవరూ లేరు. ఒక్క పిట్టా కూయడం లేదు. అయినా హాయిగా, ఎన్నడూ లేనంత దూరం నడిచింది.

తిరిగొస్తుంటే బాటలో ఫారెస్టు జీపు. ఆఫీసరు గొంతుక్కూర్చుని టేపుతో నేల కొలుస్తున్నాడు. ఆమెను చూసి గబుక్కున లేచాడు.

"ఒక్కరే వచ్చారా? ముత్తమ్మ ఏదమ్మా?"

"ముత్తమ్మ ఎవరు?"

"అడవిలో జంతువుల అడుగులు పట్టే మా మనిషి. చెప్పుల్లేకుండా తిరుగుతది. ఆ తల్లిని ఒక్కదాన్ని వదలను సారూ అని వారం నుంచి మీ ఎనకే ఉంటుంది కదా."

నాగలత తలొంచి నేల చూసింది.

బాట పొడవునా నిన్నటిదాకా పడ్డ గుర్తులు ఆరిపోయి ఉన్నాయి. ముందు తన బూట్లవి, వెనక ముత్తమ్మ పాదాలవి, ఆ పాదాల దాకా వచ్చి తోటలోకి మళ్లిన పెద్దపులి పంజాలవి.

ఇవాళ్టి పచ్చి గుర్తుల్లో మాత్రం, పంజా తన బూటు అడుగు మీదే పడి ఉంది.