ఉత్తుత్తి ప్రయాణం

"ఈయనతోనా?" అంది లైబ్రరీ ఆవిడ, చేతిలోని చీటీని తిప్పి తిప్పి చూస్తూ.

"ఇంకెవరూ దొరకలేదా మీకు?" అన్నాడు వాచీలు బాగుచేసే ఆయన, ఆమె వంక చూడకుండా, ఇన్‌చార్జితో.

విమానాశ్రయంలో కొత్త టెర్మినల్ సోమవారం తెరుస్తున్నారు. ఆలోగా రెండు వందల మంది మామూలు జనాన్ని పిలిచి, ఉత్తుత్తి టికెట్లిచ్చి, ఉత్తుత్తి పెట్టెలు మోయించి, అంతా సవ్యంగా నడుస్తుందో లేదో చూసుకోవాలి. విమానం ఒక్కటే రాదు. తక్కినదంతా నిజంలాగే జరగాలి. ఎవరి వేషం వాళ్ల చీటీలో ఉంటుంది. ఒకాయన పాస్‌పోర్టు పోగొట్టుకోవాలి, ఒకావిడ కళ్లు తిరిగి పడిపోవాలి. వీళ్లిద్దరి చీటీల్లో ఇలా ఉంది: 'భార్యాభర్తలు. ఇద్దరికీ కలిపి ఒకటే పెట్టె. బరువు ఎక్కువ. కౌంటర్ దగ్గర గట్టిగా పోట్లాడుకోవాలి.'

"రెండు గంటల కాపురమే కదండీ, సర్దుకుపోండి" అన్నాడు ఇన్‌చార్జి. "ఒక్క నియమం మాత్రం మర్చిపోకండి. లోపల తెలిసినవాళ్లు కనబడినా పలకరించకూడదు. ఈ పూటకి ఇక్కడ ఎవరికి ఎవరూ ఏమీ కారు."

ఇద్దరూ పెట్టెకు చెరో పక్కన, ఎడమొహం పెడమొహంగా నడిచి నాలుగో కౌంటర్ వరుసలో నిలబడ్డారు.

ఆ కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయి ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఇవాళ తన దగ్గరికి వచ్చినవాళ్లలో ఒక్కరికి విమానం తప్పిపోయినా ఇక ఖాయం కాదు. పైగా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని చీటీలు రాసే పని కూడా ఆమె నెత్తినే పడింది. "ప్రశ్నపత్రం రాసేదీ నువ్వే, పరీక్ష రాసేదీ నువ్వేనన్నమాట" అని పొద్దున ఇన్‌చార్జి ఆటపట్టించాడు. "ఏ చీటీ ఏ కౌంటర్‌కి వస్తుందో నాకేం తెలుసు సార్?" అని నవ్వేసింది ఆ అమ్మాయి.

"నమస్కారమండీ. ఇద్దరూ కలిసే వెళ్తున్నారా?"

"చీటీలో అలాగే ఉంది" అన్నాడాయన బిగుసుకుపోయి.

పెట్టె తూకం వేసింది. "ఆరు కిలోలు ఎక్కువుందండీ. ఏదో ఒకటి తీసేయాలి. గేటు మూయడానికి పదిహేను నిమిషాలే ఉంది."

 ఆయన పైకప్పు చూస్తున్నాడు. ఆమె చెప్పులు చూసుకుంటోంది. కానివ్వండి, కానివ్వండి అని స్తంభం పక్క నుంచి ఇన్‌చార్జి చేతులు ఊపుతున్నాడు. రెండు నిమిషాలు అలాగే గడిచాయి. అమ్మాయి మొహం వాడిపోయింది.

అది చూశాడో ఏమో, ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఆ గొడుగులు తీసేయమనండి, సరిపోతుంది. చినుకు పడని ఊరికి కూడా మూడు గొడుగులు మోసుకొస్తుంది."

"ముందు ఆయన ఇస్త్రీపెట్టె తీయమనమ్మా" ఆమె అందుకుంది. "చొక్కా మీద మడత కనిపిస్తే ముద్ద దిగదు మహానుభావుడికి!"

"నీ గొడుగుల వల్ల ఒకసారి రైలే తప్పిపోయింది."

"మీ ఇస్త్రీ వల్ల పెళ్లికెళ్తే భోజనాలే అయిపోయాయి."

నిజానికి ఆ పెట్టెలో ఉన్నవి పాత దుప్పట్లూ, రెండు ఇటుకలూ. వాటిని స్వయంగా సర్దింది ఇన్‌చార్జే. లేని గొడుగుల్నీ, లేని ఇస్త్రీపెట్టెనీ పుట్టించి మరీ పోట్లాడుకుంటున్న వాళ్ల తెలివికి ఇన్‌చార్జి మురిసిపోయాడు. వరుసలో జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతున్నారు. పాస్‌పోర్టు పోగొట్టుకోవాల్సినాయన ఆ సంగతే మర్చిపోయి చూస్తున్నాడు.

"ఆస్పత్రికైనా, అంగడికైనా పది అడుగులు ముందు నడవడమే ఈయనకి తెలుసు. వెనక మనిషి ఉందో పోయిందో చూసుకునేది లేదు."

"చూశాను" అన్నాడాయన మెల్లగా. "నేను తిరిగి చూసేసరికి నువ్వు లేవు."

నవ్వులు ఆగిపోయాయి. కంప్యూటర్ మీద అమ్మాయి వేళ్లు కదలడం లేదు.

"ఇంకా నాలుగు నిమిషాలే ఉందండీ" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "మీరిద్దరూ కలిసి వెళ్లకపోతే నేను ఓడిపోయినట్టే."

"ఏడుస్తావేంటమ్మా, ఇదంతా నటనే కదా!" అన్నాడు ఇన్‌చార్జి కంగారుగా.

దంపతులు అమ్మాయి వంక చూశారు. తర్వాత మొదటిసారిగా ఒకరి వంక ఒకరు చూసుకున్నారు. ఆయన గబగబా వంగి పెట్టె తెరిచి, ఇటుకలు రెండూ తీసి బల్ల మీద పెట్టాడు.

"గొడుగులు ఉండనీలే" అన్నాడు.

"ఇస్త్రీపెట్టె కూడా ఉండనివ్వండి" అంది ఆమె.

పెట్టె బరువు సరిపోయింది. టికెట్లు పుచ్చుకుని ఆయన అలవాటుగా రెండు అంగలు వేసేశాడు. అంతలోనే ఆగి, వెనక్కి తిరిగాడు. "నువ్వు ముందు నడువు."

"ముందూ వద్దు, వెనకా వద్దు. పక్కన నడవండి చాలు."

నిమిషం మిగిలుండగా గేటు దాటారు. హాలంతా చప్పట్లు. "నీ ఉద్యోగం ఖాయం!" అని ఇన్‌చార్జి అక్కడి నుంచే కేకేశాడు. అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ నవ్వింది, నవ్వుతూ మళ్లీ తుడుచుకుంది.

మధ్యాహ్నానికి ట్రయల్ ముగిసింది. జనం చీటీలు తిరిగిచ్చేసి ఇళ్లకు వెళ్లిపోయారు. లెక్క చూస్తే రెండు తక్కువయ్యాయి. ఇన్‌చార్జి అమ్మాయిని వెంటబెట్టుకుని గేటు దగ్గరికి వెళ్లాడు. ఖాళీ కుర్చీల మధ్య వాళ్లిద్దరూ కనిపించారు. ఆయన ఆమె చేతి వాచీ విప్పించి చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు. ఆమె ఏదో అని, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"వేషం ఇంకా తీయలేదే వీళ్లు!" అన్నాడు ఇన్‌చార్జి. "వెళ్లి, అంతా అయిపోయిందని చెప్పి ఆ చీటీలు పట్రా."

అమ్మాయి కదల్లేదు.

"ఇంకాసేపు ఉండనివ్వండి సార్. మా అమ్మా నాన్నా అలా పక్కపక్కన కూర్చుని ఎనిమిదేళ్లయింది."